తప్పులన్నీ మీ వైపే ఎందుకు ఒరుగుతున్నాయి?

యాప్‌లు, వెబ్‌సైట్లు తయారుచేసే డిజైనర్లకు, ప్రోడక్ట్ మేనేజర్లకు, గ్రోత్ టీమ్‌లకు బహిరంగ లేఖ

నమస్కారం.

మీరు గీసిన స్క్రీన్ మీద ఎవరైనా పొరపాటు పడితే ఆ ఫోన్ వచ్చేది నాలాంటివాళ్లకే. నేను కస్టమర్ సపోర్ట్‌లో పనిచేస్తాను. "ఆ ప్లాన్ నేను తీసుకోలేదండీ", "వద్దనే నొక్కాను, అయినా డబ్బు కట్ అయింది", "క్యాన్సిల్ అయిపోయిందనే అనుకున్నాను". మాటలు వేరైనా గోడు ఒకటే. ఇలాంటి ఫిర్యాదుని నమోదు చేసి టికెట్ తెరిచినప్పుడు కారణం కూడా ఎంచుకోవాలి. ఆ జాబితాలో సాంకేతిక లోపం ఉంటుంది, పేమెంట్ ఫెయిల్యూర్ ఉంటుంది, యూజర్ ఎర్రర్ (వాడినవాళ్ల పొరపాటు) ఉంటుంది. స్క్రీన్ తప్పుదోవ పట్టించింది అనే కారణం మాత్రం నాకెక్కడా కనిపించలేదు. సర్వర్ బాగానే పనిచేసింది, డబ్బు వెళ్లాల్సిన చోటికే వెళ్లింది, కాబట్టి తప్పు మనిషిదే అని టికెట్ మూసేస్తాం.

ఈ లేఖ రాయడానికి కారణం ఆ టికెట్లే. ఇలాంటి స్క్రీన్ల గురించి ఎక్కడ చర్చ వచ్చినా రెండు పక్షాలు తయారవుతాయి. ఇదంతా కావాలని పన్నిన వల అని ఒక పక్షం అంటుంది. ఎవరూ కావాలని చేయలేదు, జనం సరిగ్గా చదవలేదు, అపార్థం చేసుకున్నారు అని రెండో పక్షం అంటుంది. మీలో చాలామంది రెండో పక్షమే. నాకు రెండింటితోనూ పేచీ ఉంది. మీరు చెప్పే మాటలో నిజం ఎంతో ముందు ఒప్పుకుంటాను, అసలు పేచీ ఆ తర్వాత చెబుతాను.

నిజమైన పొరపాట్లు ఉంటాయి, చాలా పెద్దవే ఉంటాయి. 2020 ఆగస్టులో సిటీబ్యాంక్ ఒక కాస్మెటిక్స్ కంపెనీకి అప్పులిచ్చినవాళ్లకు వడ్డీ కింద 80 లక్షల డాలర్ల లోపు పంపాలి. పంపింది సుమారు 90 కోట్ల డాలర్లు. వడ్డీతో పాటు అప్పు అసలు కూడా బయటికి పోకుండా బ్యాంకు సొంత ఖాతాకి మళ్లాలంటే సాఫ్ట్‌వేర్‌లో మూడు గడుల్లో టిక్ పెట్టి, మూడింట్లోనూ ఖాతా నంబరు నింపాలి. వాళ్లు ఒక గడిలోనే నింపారు. ఒకరు నింపారు, ఒకరు సరిచూశారు, ఒకరు ఆమోదించారు. ముగ్గురికీ ఆ ఒక్కటి చాలనే అనిపించింది. అందులో దాదాపు 50 కోట్ల డాలర్లు తిరిగివ్వబోమని కొందరు భీష్మించుకున్నారు. 2021లో కోర్టు వాళ్ల పక్షానే తీర్పిచ్చింది. 2022లో అప్పీలు కోర్టు ఆ తీర్పు కొట్టేసే దాకా బ్యాంకుకి ఊపిరాడలేదు. ఆ స్క్రీన్ వెనుక కుట్ర ఉందని ఎవరూ అనరు. దాన్ని పెట్టుకున్నవాళ్లే అందులో పడ్డారు.

ఇంకాస్త వెనక్కి వెళ్తే, 2000 సంవత్సరంలో అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ఫ్లోరిడాలోని పామ్ బీచ్ కౌంటీ బ్యాలెట్. డిజిటల్ తెర కాదు, కాగితమే, కానీ జబ్బు ఇదే. వయసు పైబడినవాళ్లకి కనబడాలని ఎన్నికల అధికారి అక్షరాలు పెద్దవి చేయించారు. దాంతో పేర్లు రెండు పేజీల మీదికి పాకాయి, ఓటు వేయడానికి పొడవాల్సిన రంధ్రాలు మధ్యలో మిగిలాయి. ఎడమ పేజీలో రెండో పేరు డెమోక్రటిక్ అభ్యర్థి అల్ గోర్‌ది, కానీ పై నుంచి రెండో రంధ్రం కుడి పేజీలో ఉన్న మరో అభ్యర్థి పాట్ బుకానన్‌ది. ఆ ఒక్క కౌంటీలో బుకానన్‌కి 3,407 ఓట్లు పడ్డాయి. రాష్ట్రం మొత్తంలో గోర్ ఓడింది 537 ఓట్లతో. బ్యాలెట్ తయారుచేయించిన అధికారి అప్పట్లో గోర్ పార్టీ మనిషే.

మీ రోజువారీ పనిలోనూ ఇలాంటివి పుడుతూనే ఉంటాయని నాకు తెలుసు. ఒక భాషలో చక్కగా ఇమిడిన మాట ఇంకో భాషలోకి వెళ్లేసరికి పొడవై, బటన్ మీద సగమే కనిపిస్తుంది. డార్క్ మోడ్ పెట్టగానే మూసే గుర్తు నలుపులో నలుపై మాయమవుతుంది. పెద్ద మానిటర్ మీద గీసిన ఫారం చిన్న ఫోన్‌లో తెరిస్తే 'వద్దు' అన్న బటన్ కీబోర్డు కింద ఉండిపోతుంది. ఇవి ఫోన్‌లో విన్నప్పుడు నాకు మీ మీద కోపం రాదు. రాసి పంపిస్తాం, మీరు సరిచేస్తారు, అయిపోతుంది.

మరి పేచీ ఎక్కడ? నిజమైన పొరపాటుకి స్వపర భేదం ఉండదు. ఒకసారి వాడేవాళ్లని ముంచుతుంది, ఒకసారి కంపెనీనే ముంచుతుంది. నాకు వచ్చే ఫిర్యాదులు చూస్తే ఆ సమానత్వం కనిపించదు. వద్దనుకున్న సబ్‌స్క్రిప్షన్ పొరపాటున మొదలైనవాళ్లు రోజూ ఫోన్ చేస్తారు. కావాలనుకున్న సబ్‌స్క్రిప్షన్ పొరపాటున క్యాన్సిల్ చేసుకున్నానని అన్నవాళ్లు నాకు దాదాపు తగల్లేదు. ముందే టిక్ పెట్టి ఉన్న గడి ఎప్పుడూ 'అవును' వైపే ఉంటుంది. లేత బూడిద రంగు అక్షరాల్లో ఉండేది ఎప్పుడూ 'వద్దు' అన్న మాటే. ఉచిత ట్రయల్ ముగుస్తోందన్న కబురు రాకుండా పోతుంది గానీ, డబ్బు కట్ అయిన కబురు ఠంచనుగా వస్తుంది. అపార్థాలే అయితే అవి రెండు వైపులా చెదరాలి కదా? ఇన్ని అపార్థాలు వరస తప్పకుండా ఒకే ఖాతాలో జమ కావడం కాకతాళీయం అంటే నమ్మబుద్ధి కావడం లేదు.

కావాలని చేసినవాటి సంగతి ఎక్కువ చెప్పను, అది ఇప్పటికే నిరూపణ అయిన విషయం. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2019లో సుమారు 11,000 షాపింగ్ సైట్లను జల్లెడ పట్టి మనిషిని ఏమార్చి కంపెనీకి కావాల్సింది చేయించే 1,818 డార్క్ ప్యాటర్న్‌లను పట్టుకున్నారు. 'ఇప్పుడు ఇంతమంది ఇదే చూస్తున్నారు' అని చూపించే అంకె కొన్ని సైట్లలో ఎవరినీ లెక్కపెట్టకుండా, కోడ్‌లో యాదృచ్ఛికంగా పుట్టించినదని తేలింది. ఆఫర్ ముగుస్తోందని పరుగెత్తే గడియారం పేజీ మళ్లీ తెరిస్తే కొన్నిచోట్ల మొదటికి వచ్చేది. ఇలాంటి సరుకును రెడీమేడ్‌గా అమ్మే 22 సంస్థలనూ వాళ్లు గుర్తించారు. యాదృచ్ఛిక సంఖ్యను పుట్టించి దాని పక్కన 'మంది చూస్తున్నారు' అని రాసినవాళ్లు పొరపాటున రాశారని మీరు కూడా అనరు.

అమెజాన్ ప్రైమ్ విషయంలో అమెరికాలో వినియోగదారుల ప్రయోజనాలు కాపాడే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో వేసిన దావా ప్రకారం, చేరడానికి ఒకటి రెండు క్లిక్కులు చాలు. మానుకోవాలంటే నాలుగు పేజీలు, ఆరు క్లిక్కులు, పదిహేను ఆప్షన్లు దాటాలి. ఆ క్యాన్సిల్ ప్రక్రియకి కంపెనీ లోపల పెట్టుకున్న పేరు 'ఇలియడ్' అని కూడా దావాలో ఉంది. పదేళ్ల యుద్ధం గురించిన గ్రీకు ఇతిహాసం పేరు. పేరు పెట్టినవాళ్లకి హాస్యం బాగానే తెలుసు, ఆ స్క్రీన్లు దాటడం ఎంత ప్రయాసో కూడా తెలిసే ఉండాలి. 2025 సెప్టెంబరులో ఆ కేసు 250 కోట్ల డాలర్ల దగ్గర రాజీ అయింది. తప్పు చేశామని మాత్రం కంపెనీ ఒప్పుకోలేదు.

ఈ రెండు కొసలూ నాకు పెద్ద చిక్కు కాదు. నా ఫోన్‌కి వచ్చే గోడులో ఎక్కువ భాగం వీటి మధ్యలోది. అక్కడ మీరు 'మేం కావాలని చేయలేదు' అంటే నేను నమ్ముతాను కూడా. ఆ నమ్మకమే నన్ను ఎక్కువ టెన్షన్ పెడుతుంది.

మీ టెస్ట్ ఎలా నడుస్తుందో బయటివాడిగా నాకు అర్థమైనంత వరకు చెబుతాను. ఒక స్క్రీన్‌కి రెండు రూపాలు చేస్తారు. వచ్చినవాళ్లలో సగం మందికి ఒకటి, సగం మందికి ఇంకొకటి చూపిస్తారు. ఏ రూపంలో ఎక్కువమంది 'సరే' నొక్కితే అది ఉంటుంది, రెండోది పోతుంది. ఎక్కువమంది ఎందుకు నొక్కారన్నది అంకెలు చూపించే డాష్‌బోర్డ్ చెప్పదు. కావాలనుకుని నొక్కినవాళ్లూ, గందరగోళంలో నొక్కినవాళ్లూ, పేజీ మూస్తున్నామనుకుని నొక్కినవాళ్లూ అక్కడ ఒకే పచ్చగీత అయిపోతారు. గందరగోళం కూడా 'సరే' నొక్కేవాళ్ల శాతాన్ని పెంచుతుంది. అలాంటప్పుడు వారం వారం గెలిచినదాన్ని ఉంచుకుంటూ పోతే, ఎవరి మనసులోనూ మోసం లేకుండానే మోసం చేసే స్క్రీన్ తయారవుతుంది. డిజైనర్ రంగు మార్చారు, రైటర్ మాట మార్చారు, అనలిస్ట్ అంకె చూపించారు, మేనేజర్ సరే అన్నారు. తిలాపాపం తలా పిడికెడు. ఎవరిని అడిగినా తమ పిడికెడు చూపించి 'ఇంతే కదా' అంటారు, అదీ నిజమే.

ఈ పిడికెడు ఎంత బరువో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన ఇద్దరు పరిశోధకులు కొలిచారు. 2021లో అచ్చయిన వాళ్ల ప్రయోగంలో ఒక డేటా రక్షణ ప్లాన్‌ను జనం ముందు పెట్టారు. 'తీసుకుంటా', 'వద్దు' అని సూటిగా అడిగినప్పుడు ఒప్పుకున్నవాళ్లు 11.3 శాతం. 'వద్దు' అన్న మాట తీసేసి 'ఇతర ఆప్షన్లు' అని పెట్టడం, 'తీసుకుంటా' పక్కన 'మా సిఫారసు' అని చేర్చడం లాంటి మెత్తని మెలికలు పెట్టేసరికి అది 25.8 శాతానికి చేరింది. ఒకదాని తర్వాత ఒకటి స్క్రీన్లు పెట్టి గట్టిగా పీడిస్తే 41.9 శాతం. గట్టిగా పీడించినప్పుడు జనానికి కోపం వచ్చింది, మెత్తగా చేసినప్పుడు అంతగా రాలేదు. పైగా ఆ మెత్తని మెలికలకి తక్కువ చదువుకున్నవాళ్లు ఎక్కువగా లొంగారు. ఫిర్యాదులు పెరగలేదు కాబట్టి డిజైన్ బాగున్నట్టే అని మీ మీటింగుల్లో ఎవరైనా అంటే ఈ సంగతి గుర్తుచేయండి. తక్కువ చదువుకున్నవాళ్లు ఫిర్యాదు ఎక్కడ చేయాలో వెతుక్కోలేక కూడా ఊరుకుంటారు. ఇది ఆ ప్రయోగంలోది కాదు, ఫోన్ దగ్గర కూర్చుని నేను గమనించింది.

కాబట్టి 'పుట్టినప్పుడు ఉద్దేశం ఏమిటి' అన్న ప్రశ్న దగ్గరే గంటలు గడపడం వృథా అనిపిస్తుంది నాకు. నేను అడిగేది వేరు. మీకు తెలిసిన రోజు ఏది? తెలిసిన తర్వాత ఆ స్క్రీన్ ఎన్నాళ్లు ఉంది?

ఫోర్ట్‌నైట్ ఆట సంగతే చూడండి. అందులో బటన్ల అమరిక గందరగోళంగా ఉండి, ఆటని నిద్ర స్థితి నుంచి లేపుతూ బటన్ నొక్కినా, వస్తువును ఊరికే చూద్దామని పక్క బటన్ తగిలినా డబ్బు కట్ అయ్యేదని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. మొదటి రోజున అది ఒట్టి పొరపాటే అయ్యుండొచ్చు, ఆట కంట్రోలర్ మీద బటన్లే తక్కువ. కానీ పది లక్షలకు పైగా ఫిర్యాదులు వచ్చినా, సొంత ఉద్యోగులే మళ్లీ మళ్లీ హెచ్చరించినా కంపెనీ పట్టించుకోలేదని కమిషన్ అంటుంది. ఆ ఆట తయారుచేసిన ఎపిక్ గేమ్స్ ఆ ఆరోపణల మీద 24.5 కోట్ల డాలర్లు వాపసు ఇచ్చేందుకు 2022లో ఒప్పుకుంది. మొదటి ఫిర్యాదు దగ్గర ఉన్న అమాయకత్వం పదివేలో ఫిర్యాదు దగ్గర ఉండదు, పది లక్షల దగ్గర అసలు ఉండదు. బటన్ మారలేదు, మారింది మీకు తెలిసిన సంగతి.

ఇక్కడే యూజర్ ఎర్రర్ అన్న మాట మీకు ఎంత ఉపకారం చేస్తోందో చెప్పాలి. ఆ ముద్ర పడిన టికెట్ మీ దాకా రాదు. మీ దగ్గరికి వచ్చే నివేదికలో సాంకేతిక లోపాలే ఉంటాయి. అందుకని 'మాకు ఎవరూ చెప్పలేదు' అని మీరు నిజాయితీగానే అనగలుగుతారు. తెలియకపోవడానికి కూడా ఒక డిజైన్ ఉంటుంది, అది మీరు గీసినది కాకపోవచ్చు గానీ దాని నీడన మీరు హాయిగా ఉన్నారు. ఇంకో సంగతి గమనించాను. ఒక కూపన్ పొరపాటున రెండుసార్లు పనిచేసి కంపెనీకి నష్టం వస్తుంటే అర్ధరాత్రి మనుషుల్ని లేపి సరిచేయిస్తారు. క్యాన్సిల్ లింకు పనిచేయడం లేదంటే అది తర్వాతి పని విడతకి, అంటే తర్వాతి స్ప్రింట్‌కి, అక్కణ్ణించి దాని తర్వాతి స్ప్రింట్‌కి వెళ్తుంది. ఉద్దేశం ఎక్కడుందో వెతకాలంటే నేను వెతికే చోటు ఈ రెండు తేదీల మధ్య తేడా.

చట్టాలు కూడా మెల్లగా ఇటే వస్తున్నాయి, అన్నీ ఒకే వేగంతో కాదు. హ్యారీ బ్రిగ్నల్ అనే బ్రిటిష్ డిజైన్ నిపుణుడు 2010లో ఈ డార్క్ ప్యాటర్న్‌లకు ఆ పేరు పెట్టి, ఉదాహరణలు పోగుచేయడం మొదలుపెట్టినప్పుడు చట్టాల్లో ఆ పేరే లేదు. 2023 నవంబరులో వచ్చిన భారతదేశ మార్గదర్శకాలు 13 రకాలను పేరుపేరునా చెబుతాయి. అయితే నిర్వచనంలో 'తప్పుదోవ పట్టించేలా రూపొందించిన' అన్న ధోరణే ఉంది, అంటే ఉద్దేశం వాసన ఇంకా పోలేదు. యూరప్ డిజిటల్ సేవల చట్టం కావాలని చేసినా, ఫలితం అలా ఉన్నా రెండూ ఒకటే అంటుంది. కాలిఫోర్నియా నిబంధనల్లో వ్యాపారి ఉద్దేశం పరిగణించాల్సిన ఒక అంశమే, తేల్చేది అది కాదు. ఫ్రాన్స్ డేటా రక్షణ సంస్థ 2022 జనవరిలో ప్రకటించిన జరిమానాలు నాకు అన్నిటికంటే నచ్చాయి. కుకీలను (సైట్లు మన జాడ గుర్తుంచుకోవడానికి పెట్టే చిన్న ఫైళ్లను) ఒప్పుకోవడానికి ఒక క్లిక్కు చాలుతుండగా, వద్దనడానికి ఎక్కువ క్లిక్కులు పడుతున్నందుకు గూగుల్‌కి 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కి 6 కోట్ల యూరోలు. మనసులో ఏముందో తవ్వే పని పెట్టుకోకుండా, ఇటు ఎన్ని క్లిక్కులు, అటు ఎన్ని క్లిక్కులు అని చూశారు.

మీ వైపు నుంచి వచ్చే ఒక అభ్యంతరానికి జవాబు బాకీ ఉన్నాను. ఏ డిజైన్ అయినా మనిషిని ఎటో ఒకవైపు నడిపిస్తుంది, ఏదో ఒక బటన్ ముందు కనిపించక తప్పదు, మరి ఒప్పించడానికీ ఏమార్చడానికీ గీత ఎక్కడ గీస్తాం అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కొనమని అందంగా చెప్పండి, పెద్ద అక్షరాల్లో చెప్పండి, రెండుసార్లు చెప్పండి, నాకేం బాధ లేదు. ఒప్పుకున్న మనిషిని మర్నాడు ఫోన్ చేసి 'మీరు దేనికి సరే అన్నారో చెప్పండి' అని అడగండి. సరిగ్గా చెప్పగలిగితే మీరు ఒప్పించారు. 'ఏది? ఎప్పుడు?' అంటే ఒప్పందం జరగనే లేదు, క్లిక్కు మాత్రం జరిగింది. జనం చదవరు అన్నది మీకు నిన్న మొన్న తెలిసిన విషయం కాదు. చదవరని తెలిసే ధరని మూడో పేరాలో పెట్టినప్పుడు, వాళ్లు చదవలేదని నిందించే హక్కు మీకు ఎక్కడిది?

ఇక నేను కోరేవి. మీ టెస్ట్‌లో గెలుపు లెక్కపెట్టేటప్పుడు 'సరే' నొక్కినవాళ్లతో ఆపకండి. నెల తిరిగేలోపు రీఫండ్ అడిగినవాళ్లని, తెలియకుండా అయిందని ఫోన్ చేసినవాళ్లని ఆ గెలుపులోంచి తీసేయండి. చాలా గెలుపులు ఓటములుగా మారతాయని నా అంచనా. ఎక్కడైనా చేరడానికీ మానుకోవడానికీ శ్రమలో తేడా ఉంటే ఆ తేడా ఎందుకో ఒక వాక్యంలో రాసి, కింద పేరు పెట్టండి. భద్రత కోసం అనో, పొరపాటున ఖాతా పోకుండా అనో మంచి కారణం ఉంటే రాయడం కష్టం కాదు. రాయలేకపోతే ఎందుకు రాయలేకపోతున్నారో మీకే తెలుస్తుంది. ఫిర్యాదు వర్గాల జాబితాలో 'స్క్రీన్ వల్ల' అనే కారణం చేర్పించండి. అది సపోర్ట్ వాళ్లం మేం చేర్చుకోలేం, మీ నుంచే రావాలి. పైవాళ్లు టార్గెట్ ఇచ్చారు, మేమేం చేస్తాం అంటారేమో. చిన్న ఉద్యోగంలో ఉన్న డిజైనర్‌ని ఉద్యోగం వదులుకోమని నేను చెప్పను. కానీ ఆ రివ్యూలో 'ఇది తప్పుదోవ పట్టిస్తుంది' అని రాతపూర్వకంగా ఒక్క మాట పెట్టండి. తెలిసిన రోజు ఏదో రికార్డులో ఉంటుంది, తర్వాత అమాయకత్వం నటించడం ఎవరికైనా కష్టమవుతుంది.

ఈసారి ఏదైనా కొత్త స్క్రీన్ గెలిచిందని మీ డాష్‌బోర్డ్ చూపించినప్పుడు, దాన్ని అందరికీ విడుదల చేసే ముందు సపోర్ట్ నుంచి ఒక మనిషిని ఆ మీటింగుకి పిలవండి. ఆ స్క్రీన్ మీద వచ్చిన టికెట్లు తెస్తాం, వాళ్లు చెప్పింది చెప్పినట్టు చదువుతాం. అవి విన్నాక అది అపార్థమో కాదో మీరే తేల్చండి.

ఇట్లు,
మీ స్క్రీన్ల మీద వచ్చే ఫోన్లు ఎత్తే ఒక ఉద్యోగి